ఈగ బరువు పాఠం – నిఖత్ జరీన్ అక్క

 

ఈ నెల గోడపత్రికలో "ఆటలు" అనే గడి నింపమని వార్డెన్ మేడం నాకు ఒక చార్టు, రెండు స్కెచ్ పెన్నులు ఇచ్చారు. నేను తెలంగాణ రాష్ట్రం నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ అక్క గురించి రాస్తున్నాను. ఆమె బాక్సింగ్ ఆటలో రెండుసార్లు ప్రపంచ విజేత. బాక్సింగును తెలుగులో ముష్టియుద్ధం అంటారు. ముష్టి అంటే పిడికిలి. బిచ్చం అనుకొని నవ్వకండి. నేను కూడా మొదట అదే అనుకున్నాను.

మాది కోయ గూడెం. మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ బడికి పోలేదు. తెలుగు నేను బడిలో నేర్చుకున్నదే. అందుచేత అక్షర దోషాలు ఉంటే తెలుగు సారు ఎర్ర పెన్నుతో దిద్దవలసిందిగా కోరుతున్నాను. విషయం మాత్రం లైబ్రరీలో పాత పేపర్లు చూసి, కంప్యూటర్ గదిలో సైన్సు మేడం చూపించినవి చూసి, సరిపోల్చుకొని రాశాను.

ఈమె గురించే ఎందుకు రాశానో చివర్లో చెబుతాను. దయచేసి ముందు చివరకి పోవద్దు. ముందు పాఠం.

1. ఫ్లైవెయిట్ అనగా ఏమి?

ఫ్లై అంటే ఈగ. వెయిట్ అంటే బరువు. ఫ్లైవెయిట్ అంటే ఈగ బరువు. అంటే ఈగ అంత బరువున్న మనుషులని కాదు. బాక్సింగులో తక్కువ బరువు ఉన్నవాళ్ళ తరగతికి ఆ పేరు పెట్టారు. ఇంకొంచెం బరువైన తరగతికి బాంటమ్ అని పేరు. బాంటమ్ అంటే పొట్టిజాతి కోడి. ఆ తరువాత ఫెదర్. ఫెదర్ అంటే ఈక. ఈగ, కోడి, ఈక అని గుర్తు పెట్టుకుంటే మరచిపోము.

ఇలా బరువులు ఎందుకు విడదీశారు? పెద్ద మనిషి గుద్దితే చిన్న మనిషి తట్టుకోలేదు గనుక. సంక్రాంతికి మన ఊళ్ళలో కోడిపందేలు వేసేవాళ్ళు కూడా పుంజుల్ని ఈడూ జోడూ చూసి వదులుతారు. (కోడిపందెం చట్టప్రకారం నేరము. ఉదాహరణ కోసం చెప్పాను.) పెద్ద పుంజు మీదికి పిల్ల పుంజును వదిలితే అది ఆట కాదు, అన్యాయం.

ఆడవాళ్ళ ఫ్లైవెయిట్ 2012 లండన్ ఒలింపిక్స్ నుంచి టోక్యో ఒలింపిక్స్ దాకా 51 కేజీలు. 2022 ప్రపంచ పోటీల్లో 52 కేజీలు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అన్నిటికంటే తక్కువ తరగతి 50 కేజీలు. ఇలా అప్పుడప్పుడు మారుస్తారు. మన స్టోరు రూములో బియ్యం బస్తా ఉంటుంది చూడండి. దాని మీద 50 కేజీలు అని రాసి ఉంటుంది. నిఖత్ అక్క మొత్తం ఆ బస్తా అంత బరువు. అంతే. అంత బరువుతోనే ప్రపంచాన్ని గెలిచింది.

పోటీకి ముందు మామిడికాయల లోడు కాటా వేసినట్టు ఆటగాళ్ళని కాటా వేస్తారు. ఎక్కువ ఉంటే ఆడనివ్వరు. పారిస్ ఒలింపిక్స్‌లో కుస్తీ ఆడే వినేశ్ ఫోగట్ గారు 50 కేజీల తరగతిలో ఫైనల్ దాకా వెళ్ళారు. ఫైనల్ రోజు అంటే 2024 ఆగస్టు 7 ఉదయం 100 గ్రాములు ఎక్కువ ఉన్నారని తీసేశారు. 100 గ్రాములు అంటే మన హాస్టల్లో పెట్టే గుడ్లు రెండు. రెండు గుడ్ల కోసం పతకం పోయింది.

ఇంకో సంగతి. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అని వేరే ఆట ఉంది. రష్యా, అమెరికా, బ్రెజిల్ దేశాలలో దానికి చాలా పేరు. అందులో గుద్దవచ్చు, తన్నవచ్చు, కిందపడేసి పట్టు పట్టవచ్చు. అందులో కూడా ఫ్లైవెయిట్ ఉన్నది. దాని హద్దు 125 పౌండ్లు, అంటే సుమారు 56.7 కేజీలు. బాక్సింగులో మాత్రం చేతులతోనే ఆడాలి. కాలు లేపకూడదు. ఈ రెండూ ఒకటి కాదు.

2. ఆట ఎలా ఆడతారు? లెక్క ఎలా వేస్తారు?

బాక్సింగ్ ఆడే చోటును రింగ్ అంటారు. రింగ్ అంటే గుండ్రం కదా, కానీ ఇది నలుచదరంగా ఉంటుంది. ఎందుకో నాకు వింతగా ఉంది. చుట్టూ తాళ్ళు కడతారు. ఒక మూల ఎరుపు, ఎదురు మూల నీలం. ఒకరు ఎరుపు బట్టలు, ఒకరు నీలం బట్టలు వేసుకుంటారు.

ఆడవాళ్ళ ఆట 3 రౌండ్లు. ఒక్కో రౌండు 3 నిమిషాలు. మధ్యలో 1 నిమిషం విశ్రాంతి. మొత్తం ఆట 9 నిమిషాలే. మన ఉదయం ప్రార్థన కంటే తక్కువ. కానీ మూడు నిమిషాలు చేతులు పైకెత్తి ఉంచి చూడండి తెలుస్తుంది. నేను డార్మిటరీలో గడియారం పెట్టుకొని ఉంచాను. రెండో నిమిషానికే భుజాలు మండాయి.

నడుము పైన, ముందు వైపున, పక్కల కొట్టాలి. తల వెనుక కొట్టకూడదు. నడుము కింద కొట్టకూడదు. పడిపోయినవాళ్ళను కొట్టకూడదు.

రింగ్ బయట 5 మంది జడ్జీలు కూర్చుంటారు. ప్రతి రౌండులో బాగా ఆడినవాళ్ళకు 10 మార్కులు, రెండోవాళ్ళకు మామూలుగా 9 మార్కులు వేస్తారు. మూడు రౌండ్లూ గెలిస్తే 30–27. రెండు గెలిచి ఒకటి పోగొట్టుకుంటే 29–28. ఎక్కువమంది జడ్జీలు ఎవరికి ఎక్కువ వేస్తే వాళ్ళే విజేత. 5–0 అని పేపర్లో రాస్తే అయిదుగురు జడ్జీలూ ఒక్కరినే గెలిపించారని అర్థం. అయిదు దెబ్బలు కొట్టారని కాదు. ఇది చాలామందికి తెలియదు.

3. నిజామాబాద్ పిల్ల

నిఖత్ జరీన్ 1996 జూన్ 14న నిజామాబాద్‌లో జన్మించింది. అప్పుడు ఆ ఊరు కూడా మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఉండేది. తండ్రి పేరు మహమ్మద్ జమీల్ అహ్మద్ గారు. తల్లి పేరు పర్వీన్ సుల్తానా గారు. వారికి నలుగురూ ఆడపిల్లలే. నిఖత్ మూడోది. తండ్రి సౌదీ అరేబియాలో పని చేసి వచ్చినవారు. ఆయన కూడా ఆటగాడే. అందుకని కూతుర్ని మైదానానికి తీసుకుపోయి పరుగు పందెం నేర్పించారు.

అక్కడ ఆమె అన్ని ఆటల్లోనూ ఆడపిల్లల్ని చూసింది. బాక్సింగులో మాత్రం ఒక్క ఆడపిల్ల కూడా లేదు. నాన్నా, ఆడపిల్లలు బాక్సింగ్ ఆడకూడదా అని తండ్రిని అడిగింది. ఆడవచ్చు, కానీ దానికి బలం కావాలి, ఆడపిల్లలకు అంత బలం ఉండదని జనం అనుకుంటారు అని ఆయన చెప్పారు. అయితే నేను ఆడతాను అని పట్టుబట్టింది. ఆమె ఆట అలా మొదలయింది. ఒక ప్రశ్నతో.

నిజామాబాద్‌లో శంషాముద్దీన్ గారు అనే గురువు దగ్గర నేర్చుకుంది. తనతో ఆడడానికి ఆడపిల్లలు లేరు. మగపిల్లలతోనే ఆడింది. ముక్కు వెంట రక్తం కారుతూ, కన్ను వాచి ఇంటికి వచ్చిన రోజు తల్లి ఏడ్చిందట. మొహం ఇలా అయితే నిన్నెవరు చేసుకుంటారే అని. పేరు వస్తే పెళ్ళికొడుకులే వరుస కడతారులే అమ్మా అని ఈ పిల్ల నవ్వించిందట. నిక్కర్లు వేసుకొని ఆడుతుందని చుట్టాలు కొందరు మాటలన్నారు. తండ్రి పట్టించుకోలేదు. నువ్వు ఆట మీద మనసు పెట్టు, మిగతాది నేను చూసుకుంటా అన్నారు.

మా గూడెంలో కూడా ఆడపిల్ల మొహాన గాయమైతే ముందు పెళ్ళి గురించే ఏడుస్తారు. నిజామాబాద్ ఎక్కడ, మా గూడెం ఎక్కడ. అమ్మల ఏడుపు ఒకటే అని రాసుకున్నాను.

2009లో విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ శిక్షణ కేంద్రంలో ఆమెకు చోటు దొరికింది. అక్కడ ద్రోణాచార్య అవార్డు పొందిన ఐ. వెంకటేశ్వరరావు గారు నేర్పించారు. ఆమెకు అప్పుడు 13 ఏళ్ళు. ఇల్లు వదిలి దూరం పోయింది. మనలాగే.

4. పదునాలుగేళ్ళకే బంగారు పతకం

2011 ఏప్రిల్‌లో టర్కీ దేశంలోని అంటాల్యా అనే ఊరిలో ప్రపంచ జూనియర్ బాక్సింగ్ పోటీలు జరిగినవి. నిఖత్ అక్క ఫ్లైవెయిట్‌లో ఆడింది. ఫైనల్‌లో టర్కీ దేశపు అమ్మాయినే, వాళ్ళ ఊళ్ళోనే, వాళ్ళ జనం ముందే ఓడించి బంగారు పతకం గెలిచింది.

లెక్క వేయండి. 1996 జూన్‌లో పుట్టింది. 2011 ఏప్రిల్‌లో గెలిచింది. అప్పటికి 15 నిండలేదు. అంటే ఇప్పుడు నా వయసే. మన తొమ్మిదో తరగతి వయసే. ఈ లెక్క వేసినప్పుడు నాకు చేతులు చల్లబడినవి.

నిజామాబాద్ జిల్లాకే చెందిన ఇంకో పిల్ల గురించి కూడా ఇక్కడ చెప్పాలి. మాలావత్ పూర్ణ. లంబాడా పిల్ల. పాకాల అనే ఊరు. తాడ్వాయి గురుకుల పాఠశాలలో, మనలాంటి హాస్టల్లోనే ఉండి చదివింది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. హాస్టల్ పిల్లలు ఏమి చేయగలరు అని ఎవరైనా అంటే ఈ తేదీ చెప్పండి.

5. భుజం జారిన ఏడాది

పెద్దవాళ్ళ పోటీల్లోకి వచ్చాక అంతా సులువుగా జరగలేదు. 2013లో ప్రపంచ యూత్ పోటీల్లో వెండి పతకం వచ్చింది. 2014లో సెర్బియా దేశంలో నోవి సాద్‌లో జరిగిన పోటీలో రష్యా అమ్మాయి ఎకతెరీనా పాల్త్సెవాను ఓడించి బంగారం తెచ్చింది. 2015లో జాతీయ విజేత అయింది. 2017లో భుజం కీలు జారింది. ఆపరేషన్ చేశారు. దాదాపు సంవత్సరం ఆట లేదు.

బాక్సర్‌కు భుజం అంటే మనకు కుడిచెయ్యి వేళ్ళు లాంటివి. పరీక్షల ముందు వేళ్ళు విరిగితే ఎలా ఉంటుందో అలాంటిది. మళ్ళీ మొదటి నుంచి మొదలు పెట్టింది. 2019లో బల్గేరియా దేశంలో స్ట్రాంజా అనే పేరుగల పాత పోటీలో బంగారం గెలిచింది. అదే ఏడాది ఆసియా పోటీల్లో కాంస్యం.

6. ఉత్తరం

ఈ భాగం జాగ్రత్తగా చదవండి. పాఠంలో ముఖ్యమైనది ఇదే.

మేరీ కోమ్ గారి పేరు అందరికీ తెలుసు. మణిపూర్ రాష్ట్రం. కోమ్ అనేది ఒక గిరిజన తెగ. మన లాగా ఆమె కూడా ఆదివాసీ. తల్లిదండ్రులు పొలం పనులు చేసినవారు. ఆరుసార్లు ప్రపంచ విజేత. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 51 కేజీల్లో కాంస్య పతకం. నిఖత్ అక్క కూడా చిన్నప్పుడు ఆమెను చూసి పెరిగినదే.

కానీ ఇద్దరిదీ ఒకే బరువు. దేశం నుంచి ఒక బరువుకు ఒక్కరే వెళ్ళాలి. 2019లో ప్రపంచ పోటీలకు ట్రయల్ పెట్టకుండానే మేరీ కోమ్ గారిని పంపించారు. ట్రయల్ అంటే ఎవరు వెళ్ళాలో తేల్చే పోటీ. ఆమె కాంస్యంతో వచ్చారు. ఆ తరువాత ఒలింపిక్ అర్హత పోటీకి కూడా ట్రయల్ లేకుండా ఆమెనే పంపుతారన్న మాట వచ్చింది.

అప్పుడు నిఖత్ అక్క ఏమి చేసింది? ఏడుస్తూ కూర్చోలేదు. 2019 అక్టోబరులో కేంద్ర క్రీడల మంత్రి కిరణ్ రిజిజు గారికి ఉత్తరం రాసింది. నన్ను పంపండి అని రాయలేదు. ట్రయల్ పెట్టండి అని రాసింది. గెలిచినవాళ్ళే వెళ్ళాలి అని రాసింది. అప్పటికి ఆమె వయసు 23. ఎదురుగా ఉన్నది దేశమంతా దండం పెట్టే మనిషి. చాలామంది ఆమెను తిట్టారు. ఇంత చిన్నదానివి అంత పెద్దావిడతో పోటీయా అన్నారు.

చివరికి ట్రయల్ పెట్టారు. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో. నిఖత్ అక్క ఓడిపోయింది. 9–1 తేడాతో మేరీ కోమ్ గారు గెలిచారు. ఆట అయిపోయాక ఇద్దరూ చేతులు కలపలేదని పేపర్లలో వచ్చింది. అది చదివి నాకు బాధ వేసింది. నాకు ఇద్దరూ ఇష్టమే.

మొదట ఇది చదివి నేను పేపరు మూసేశాను. అంత అడిగి, అన్ని తిట్లు తిని, 9–1 తో ఓడిపోతే ఇంకెందుకు అనిపించింది. తరువాత రెండు రోజులు అదే ఆలోచించాను. అడిగింది గెలుపు కాదు కదా. ఆడనివ్వమని అడిగింది. ఆడనిచ్చారు. అడిగింది దొరికింది. గెలవడం వేరే సంగతి. అది తన చేతుల పని. ఆ రోజు చేతులు చాలలేదు.

7. ఇస్తాంబుల్

ఓడినది ఇంటికి పోయి పడుకోలేదు. 2021లో టర్కీ ఇస్తాంబుల్‌లో జరిగిన పోటీలో ఆ రష్యా అమ్మాయి పాల్త్సెవా మళ్ళీ ఎదురయింది. ఈసారి ఆమె 2019 ప్రపంచ విజేత. అయినా నిఖత్ అక్క 5–0 తో గెలిచింది. తరువాత రెండుసార్లు ప్రపంచ విజేత అయిన కజకిస్తాన్ బాక్సర్ నాజిమ్ కిజైబాయ్‌ని కూడా ఓడించింది. సెమీఫైనల్‌లో టర్కీ బాక్సర్ బుసె నాజ్ చకిరోలు చేతిలో ఓడి కాంస్యంతో వచ్చింది.

ఆ చకిరోలు టోక్యో ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచింది. 2022 ఫిబ్రవరిలో స్ట్రాంజా పోటీలో మళ్ళీ ఇద్దరూ ఎదురుపడ్డారు. ఈసారి నిఖత్ అక్క గెలిచింది. బంగారం కూడా గెలిచింది. ఆ పోటీలో రెండు బంగారు పతకాలు గెలిచిన మొదటి భారత మహిళ ఆమే.

2022 మే 19. మళ్ళీ ఇస్తాంబుల్. ప్రపంచ పోటీల ఫైనల్. 52 కేజీలు, ఫ్లైవెయిట్. ఎదురుగా థాయిలాండ్‌కు చెందిన జిట్‌పాంగ్ జుటామస్. ఇద్దరు జడ్జీలు 30–27, ముగ్గురు జడ్జీలు 29–28 ఇచ్చారు. మొత్తం 5–0. నిఖత్ జరీన్ ప్రపంచ విజేత!

ఆమెకంటే ముందు మన దేశం నుంచి నలుగురే ప్రపంచ విజేతలు అయ్యారు. మేరీ కోమ్, సరితా దేవి, జెన్నీ, లేఖ. నిఖత్ అయిదవది. తెలుగు నేల నుంచి మొదటిది.

అదే ఏడాది ఆగస్టులో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ ఆటల్లో 50 కేజీల బంగారం. అదే ఏడాది అర్జున అవార్డు. 2023 మార్చి 26న ఢిల్లీలో వియత్నాం బాక్సర్ న్గుయెన్ థి తామ్‌ను 5–0 తో ఓడించి రెండవసారి ప్రపంచ విజేత. ఏ ఊరిలో ట్రయల్ ఓడిందో ఆ ఊరిలోనే ప్రపంచ పోటీ గెలిచింది.

8. పారిస్, ఆ తరువాత

2023లో చైనాలో హాంగ్‌జౌ ఆసియా ఆటల్లో కాంస్యం వచ్చింది. దానితోపాటే పారిస్ ఒలింపిక్స్‌కు టికెట్టు కూడా దొరికింది. పారిస్‌లో మొదటి ఆటలో జర్మనీ బాక్సర్ మాక్సీ క్లోట్సర్‌ను 5–0 తో గెలిచింది. రెండో ఆటలోనే చైనాకు చెందిన వు యు ఎదురయింది. వు యు ఆ తరగతిలో మొదటి ర్యాంకు పెట్టిన బాక్సర్. 2024 ఆగస్టు 1న నిఖత్ అక్క 0–5 తో ఓడింది. ఏడ్చింది. తరువాత ఆ వు యు యే ఒలింపిక్ బంగారం గెలిచింది.

2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆమెను పోలీసు శాఖలో డి.ఎస్.పి. గా నియమించింది. 2025లో ఇంగ్లాండులోని లివర్‌పూల్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో మళ్ళీ చకిరోలు ఎదురయి ఆమెను ఓడించింది. అదే ఏడాది నవంబరులో ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో 51 కేజీల్లో మళ్ళీ బంగారం.

చూశారా. ఓడింది, గెలిచింది, ఓడింది, గెలిచింది. ఒక్క చకిరోలుతోనే ఓసారి ఓడి, ఓసారి గెలిచి, మళ్ళీ ఓడింది. మన పుస్తకాల్లో గొప్పవాళ్ళ పాఠాలలో అన్నీ గెలుపులే ఉంటాయి. ఈ పాఠంలో అలా లేదు. అందుకే నాకు నమ్మకంగా ఉంది.

9. ఇక నా సంగతి

నన్ను మీరందరూ ఈగ అని పిలుస్తారు. నా బరువు 36 కేజీలు. పిలిస్తే నేను కూడా నవ్వుతాను. కానీ లోపల నవ్వను.

మొన్న మండల స్థాయి ఆటలకు కబడ్డీ జట్టు పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టారు. 12 పేర్లు. నా పేరు లేదు. పోయిన ఏడాది జాబితానే మళ్ళీ రాశారని తెలిసింది. పోయిన ఏడాది ఎంపిక రోజు నేను జ్వరంతో ఇంటికాడ ఉన్నాను. ఈగను పట్టుకొని లాగితే రెక్కలూడిపోతాయిలే అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. పేరు రాయను.

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. గుడ్డు కూడా వదిలేశాను. మర్నాడు మా అయ్యకు ఫోను చేసి నన్ను తీసుకుపో అన్నాను.

"అడిగావా?" అన్నాడు మా అయ్య.

"ఎవరిని?"

"సారును. నా పేరు ఎందుకు లేదని అడిగావా?"

"లేదు."

"అడగకుండానే వస్తావా మరి?"

మా అయ్యకు చదువు రాదు. జీడిమామిడి తోటలో కూలికి పోతాడు. కూలి తక్కువ ఇచ్చిన రోజు ఆయన కూడా అడగడు. చేతిలో పెట్టింది లెక్క చూసుకోకుండా జేబులో వేసుకుంటాడు. నేను కళ్ళారా చూశాను. తను అడగలేనిది నన్ను అడగమన్నాడు. ఆ మాట నాకు ఫోను పెట్టేశాక అర్థమయింది.

ఆ వారంలోనే వార్డెన్ మేడం నాకు ఈ చార్టు ఇచ్చారు. బరువు తక్కువ ఉన్న ఆటగాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతుకుతుంటే నిఖత్ అక్క దొరికింది. ఉత్తరం సంగతి దొరికింది.

అందుకని ఇక్కడ, అందరూ చదివే చోట, నేను పి.ఇ.టి. సారును ఒకటి అడుగుతున్నాను. సార్, నన్ను జట్టులో వేయమని అడగడం లేదు. ఒక ఆదివారం సాయంత్రం ట్రయల్ పెట్టండి. నాతోపాటు జాబితాలో లేనివాళ్ళు ఎవరు ఆడాలనుకుంటే వాళ్ళు ఆడతారు. బాగా ఆడినవాళ్ళ పేర్లే రాయండి. నేను కూతకు వెళితే గాలి పడతాను. కాలు అందించి గీత తాకి వస్తాను. 36 కేజీలు పట్టుకోవడానికి సులువే, కానీ ముందు దొరకాలి కదా.

ఒక్క భయం ఉంది. అది కూడా రాస్తాను. నేను గెలిస్తే జాబితాలో ఒక పేరు పోవాలి. అది నా బెంచీ పిల్లదే కావచ్చు. అది రోజూ నాకు జడ వేస్తుంది. ఈ పేజీ రాసేటప్పుడు దానికే మొదట చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత "పెట్టమను, చూద్దాం" అంది. ఆ రోజు జడ కొంచెం గట్టిగా లాగి వేసింది. కానీ వేసింది.

ట్రయల్‌లో నేను ఓడిపోతే ఏడుస్తానేమో తెలియదు. కానీ చెయ్యి మాత్రం కలుపుతాను. ఆటల రోజున జట్టు వాళ్ళ నీళ్ళ సీసాలు మోసుకొని వస్తాను. ఇది అందరి ముందు రాస్తున్నాను గనుక తప్పించుకోలేను.

కొత్త మాటలు – అర్థాలు

ముష్టి = పిడికిలి
ఫ్లైవెయిట్ = ఈగ బరువు; బాక్సింగులో తక్కువ బరువు తరగతి
ట్రయల్ = ఎవరు వెళ్ళాలో తేల్చే పోటీ
అర్హత = తగినవారు అనిపించుకోవడం
కాంస్యం = కంచు; మూడో స్థానం పతకం

ప్రశ్నలు

1. ఒక జడ్జీ 29–28 ఇచ్చారు. గెలిచిన ఆమె ఎన్ని రౌండ్లు గెలిచినట్టు?
2. నిఖత్ జరీన్ 1996 జూన్ 14న పుట్టింది. 2022 మే 19న ఆమె వయసు ఎంత?
3. మేరీ కోమ్ గారు ఏ రాష్ట్రం? ఏ తెగ?
4. నిఖత్ మంత్రిగారికి రాసిన ఉత్తరంలో ఏమి అడిగింది? ఏమి అడగలేదు?
5. మీరు ఎప్పుడైనా అడగవలసింది అడగకుండా వచ్చేశారా? (దీనికి జవాబు నాకు ఇవ్వక్కరలేదు. మీ నోటు పుస్తకంలో రాసుకోండి.)

మొదటి నాలుగింటికి సరైన జవాబులు రాసి ఇచ్చినవారిలో ఒకరికి నా దగ్గరున్న కొత్త నీలం రీఫిల్ బహుమతి.



ఇట్లు,
మీ తోటి విద్యార్థిని (ఈగ),
9వ తరగతి, విస్సన్నపేట